కరువుసీమ యాత్రలు: గూగూడు, పెనుకొండ, మక్కా, యెరూషలేం

అనంతపురం పీఠభూమి జనం జట్లు కట్టి వెళ్లే ముస్లిం, క్రైస్తవ, యూదు పుణ్యస్థలాల యాత్రలు రెండు తరగతులు. ఒకటి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరుకునే దగ్గరి యాత్ర. నార్పల మండలంలోని గూగూడు కుళ్లాయిస్వామి, పెనుకొండలోని బాబయ్య దర్గా ఈ తరగతివి. రెండోది పాస్‌పోర్టు, వీసా, లక్షల్లో ఖర్చు ఉండే దూరపు యాత్ర. మక్కా, మదీనా, యెరూషలేం, బేత్లెహేం ఆ తరగతివి. వీటి మధ్య తేడా కిలోమీటర్లతో తీరేది కాదు. దగ్గరి యాత్రలో నీది ఏ మతమని అడిగేవారు లేరు. గూగూడు పోయేవారిలో ఎక్కువమంది హిందువులే. దూరపు యాత్రకు మతమే మొదటి అర్హత. దరఖాస్తు ఫారంలోనూ, రాయితీ జీవోలోనూ, మక్కా పొలిమేర తనిఖీ దగ్గరా అడిగేది దాన్నే. రెంటిలోనూ మారనిది జట్టు ఒక్కటే. ఈ సీమలో ఒంటరిగా యాత్రకు పోయేవాడు అరుదు.

నేల, వాన, మొక్కు

పడమటి కనుమల వాననీడలో ఉన్న ఈ పీఠభూమికి నైరుతి మేఘాలు చాలావరకు ఖాళీ అయి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం మీద కురిసి, ఇక్కడికి చేరేసరికి చిక్కిపోతాయి. ఏడాది సగటు వర్షపాతం దాదాపు 552 మిల్లీమీటర్లు. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని బడిపిల్లలు కూడా చెబుతారు. ఎర్రనేలల్లో వానాధారంగా వేసే శెనక్కాయ పంటే రైతుకు దిక్కు. అది ఎండితే బెంగళూరుకు కూలికి పోవాలి, లేదా కువైట్‌కో సౌదీకో వీసా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. గూగూడు మొదటిదాంట్లో, పెనుకొండ రెండోదాంట్లో ఉన్నాయి. ఈ వ్యాసంలో సీమ అన్నప్పుడు రెండూ కలిపి అన్నట్టే.

ఇలాంటి నేల మీద యాత్ర అంటే ముందుగా మొక్కు. వాన పడాలని, బోరులో నీళ్లు పడాలని, బిడ్డ పుట్టాలని, కువైట్ పోయిన ఇంటి మనిషి క్షేమంగా తిరిగి రావాలని మొక్కుతారు. ఆ మొక్కు తిరుపతి వెంకన్నకైనా కావచ్చు, కదిరి నరసింహస్వామికైనా కావచ్చు, పీరుకైనా కావచ్చు. ఎవరు పలికితే వారికి చెల్లిస్తారు. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని పల్లెల్లో పీర్ల పండగ జరగడం ఇక్కడ వింత కాదు. అలాంటి ఊళ్లలో పీర్లను ఎత్తి నిలబెట్టడానికి పక్క ఊరి నుంచి దూదేకుల కుటుంబాన్ని పిలుచుకొస్తారు. తెలుగే ఇంటిభాషగా ఉన్న ఈ దూదేకులవారు రాయలసీమ పీర్ల చావిళ్లకు తరతరాలుగా ముజావర్లు. చక్కెర చదివించేది వారే, విబూది పెట్టేదీ వారే.

పేర్లు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ, కుళ్లాయిరెడ్డి, బాబయ్య, ఫకీరప్ప, మస్తానయ్య, హుస్సేనప్ప లాంటి పేర్లు ఉన్నవారు సీమలో ఏ కులంలోనైనా కనిపిస్తారు. పేరు చూసి మతం ఊహించబోతే ఇక్కడ తప్పక పొరబడతారు.

గూగూడు

నార్పల మండలంలోని చిన్న పల్లె గూగూడు. ఊరిపేరు రామాయణంలోని గుహుడి నుంచి వచ్చిందని స్థలపురాణం. రాముడి కోసం గుహుడు ఇక్కడే తపస్సు చేశాడంటారు. పీర్ల చావిడికి దగ్గరలోనే ఆంజనేయస్వామి గుడి ఉంది. మొక్కుబడిదారులు రెంటికీ పోతారు. మొహర్రం రోజుల్లో ఈ ఊరికి జనం లక్షల్లో వస్తారు. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచే కాక కర్ణాటక నుంచి కూడా వస్తారు. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. అయినా లారీలు, ట్రాక్టర్ల మీద వచ్చే జట్లే ఎక్కువ.

ప్రధానమైన పీరు పేరు కుళ్లాయిస్వామి, పాతకాలం వారి నోట కుళ్లాయప్ప. కుళ్లాయి అంటే టోపీ. పారసీ 'కులాహ్' తెలుగులో దిగి అలా అయింది. విజయనగర కాలంలో పొడవాటి కుళ్లాయి కొలువులో పెట్టుకునే మర్యాద. ఈ సీమలోనే ఉన్న లేపాక్షి వీరభద్రాలయం కప్పు కింద వేసిన చిత్రాల్లో అలాంటి ఎత్తైన టోపీలు ఇప్పటికీ చూడవచ్చు. కాబట్టి టోపీస్వామి అనే పేరు ఈ నేలకు పరాయిది కాదు.

కర్బలా యుద్ధం జరిగింది క్రీ.శ. 680లో, ఇరాక్‌లో. ప్రవక్త మనుమడు హుస్సేన్, ఆయన అనుచరులు అక్కడ దాహంతో అలమటించి, మొహర్రం పదో రోజున చంపబడ్డారు. ఆ శోకాన్ని తలచుకునే దినాలే తెలుగునాట పీర్ల పండగ అయ్యాయి. శోకం పండగ ఎలా అయిందని పండితులు అడుగుతారు. కరువుసీమ వాడికి ఆ ప్రశ్న తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. దాహంతో అల్లాడి చనిపోయిన వీరుల కథను అతడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఇది ఈ వ్యాసకర్త అభిప్రాయం, శాస్త్ర నిర్ణయం కాదు.

నెలవంక కనబడ్డాక పండగ మొదలవుతుంది. చావిడి ముందు గుండం తవ్వుతారు. పీర్లంటే లోహంతో చేసిన హస్తాలు, ఆకుల ఆకారపు ఫలకాలు. వాటిని కడిగి, కర్రలకు కట్టి, పట్టుబట్టలు, పూలదండలు చుట్టి నిలబెడతారు. మొక్కుకున్నవారు 'ఫకీరు' అవుతారు. అంటే ఆ కొన్ని రోజులూ దారం కట్టుకుని, మాంసం ముట్టక, నేల మీద పడుకుని, నియమంతో ఉంటారు. అయ్యప్ప దీక్ష తెలిసిన పాఠకుడికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తేడా అల్లా ఏమిటంటే, రెడ్డి గారైనా, బోయ కుర్రాడైనా, మాదిగ ఇంటి ముసలమ్మైనా ఇక్కడ అయ్యేది ఫకీరే.

ఏడో రోజు చిన్న సరిగెత్తు, తొమ్మిదో రోజు పెద్ద సరిగెత్తు. పీర్లు ఊరు తిరిగే రాత్రులివి. 'షహర్ గష్త్', అంటే ఊరు చుట్టి రావడం, పల్లెజనం నోళ్లలో నాని 'సరిగెత్తు' అయింది. పీరును ఎత్తుకున్నవాడు ఒకచోట నిలవడు. ఊగుతాడు, పరుగెత్తుతాడు, గుంపులోకి దూసుకొస్తాడు. పీరు తాకితే మేలని తల్లులు పసిబిడ్డలను ఎత్తి చూపుతారు. తొమ్మిదో రాత్రంతా జాగరణే. పదో రోజు తెల్లవారుజామున కుళ్లాయిస్వామి నిప్పుల గుండంలో నడుస్తాడు. గుండం ప్రవేశం అయ్యాక జనం సగం పలచబడతారు. ఆ సాయంత్రం పీర్లు జలధికి పోవడంతో, అంటే నీళ్ల దగ్గరికి పోయి బట్టలు విప్పించుకోవడంతో, ముఖ్యమైన ఘట్టాలు ముగుస్తాయి.

నైవేద్యం చక్కెర. భక్తులు దాన్ని కొత్త గుడ్డలో తెచ్చి ముజావరు చేతికిస్తారు. ఆయన ఫాతెహా చదివి కొంత ఉంచుకుని మిగతాది తిరిగిస్తాడు. దీన్ని చక్కెర చదివింపులు అంటారు. పెళ్లి చదివింపులకూ దీనికీ సంబంధం లేదు, ఇక్కడ చదివేది ఖురాన్ మొదటి అధ్యాయం. మొక్కు పెద్దదైతే కందూరు చేస్తారు. పొట్టేలును కోసి, అక్కడే వండి, వచ్చినవారందరికీ వడ్డించడం కందూరు. జట్టు లేకుండా ఇది జరిగే పని కాదు. పొయ్యిరాళ్లు ఒకరు తెస్తే, బియ్యం ఒకరు, చట్లు ఒకరు తెస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి చక్కెర వారు ఇంటింటికీ పంచుతారు. యాత్రకు రాలేకపోయినవాళ్లు ఆ చిటికెడు చక్కెరతోనే పోయివచ్చినట్టు లెక్క.

ఈ పండగను లోకానికి పరిచయం చేసిన పుస్తకం అఫ్సర్ మహమ్మద్ రాసిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్'. తెలుగు కవి, విమర్శకుడిగా పేరున్న ఆయన గూగూడులో ఉండి చూసి రాసిన పరిశోధన అది. 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. పీరును పూజించడం ఇస్లాం కాదని, ఇవన్నీ వదులుకోవాలని చెప్పే సంస్కరణవాద బోధ పల్లెల్లోకి ఎలా వస్తోందో, స్థానికులు దానికి ఏమని జవాబు చెబుతున్నారో కూడా ఆ పుస్తకం చర్చించింది. ఆ వాదం ఇప్పటికీ తెగలేదు. కొన్ని ఊళ్లలో ముస్లిం యువకులు పండగకు దూరం జరిగితే, హిందువులే చావిడికి సున్నం కొట్టించి పీర్లను నిలబెట్టుకుంటున్నారు.

పెనుకొండ

గూగూడు ఏడాదికి పది రోజులు నిండే ఊరు. పెనుకొండ అలా కాదు, ఏడాది పొడవునా వచ్చిపోయేవారు ఉంటారు. 1565లో తళ్లికోట దగ్గర విజయనగరం ఓడాక రాజధాని కదిలి వచ్చింది ఈ కోటకే. దర్గా కథ అంతకన్నా పాతది. ఇక్కడ సమాధి అయిన బాబా ఫక్రుద్దీన్ తిరుచిరాపల్లి నత్తర్ వలీ శిష్యుడని సంప్రదాయం. గురువు ఒక ఎండు పుల్ల ఇచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ నిలిచిపో అన్నాడట. శిష్యుడు ఊరూరా తిరిగి, రాత్రి ఆగిన చోటల్లా దాన్ని నేలలో గుచ్చుతూ వచ్చాడు. అది పెనుకొండలో చిగురించింది. ఎండు పుల్ల చిగురు వేసే కథకు కరువుసీమకన్నా తగిన చోటు ఉండదు.

బెంగళూరు, హిందూపురం, బళ్లారి వైపు నుంచి జట్లు వస్తాయి. కన్నడం, ఉర్దూ, తెలుగు మూడూ వినబడతాయి. దయ్యం పట్టిందనుకున్నవారిని తెచ్చి కొన్ని గురువారాలు ఇక్కడే ఉంచే వాడుక ఉంది. వైద్యం చేయించాల్సిన జబ్బుకు దర్గా మెట్లే మందు అనుకుని కాలం గడిపేయడం మంచిది కాదని ఇక్కడ ఒక మాట అనక తప్పదు. ఉరుసు రోజుల్లో గంధం ఊరేగింపు, ఖవ్వాలీ జరుగుతాయి.

పొరుగునున్న కడపలో ఇదే కథకు తలకిందులు రూపం కనిపిస్తుంది. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరుడిని దర్శించుకుంటారు. స్వామి దేవేరి బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి తమకు అల్లుడని వారి లెక్క. ఆ ఊళ్లోనే అమీన్ పీర్ దర్గాకు హిందువులు బారులు తీరుతారు.

మక్కా దారి

దూరపు యాత్రల్లో హజ్ పాతది. ఓడల కాలంలో సీమ హాజీలకు ఒక అనుకూలత ఉండేది. గుంతకల్లు జంక్షన్ మద్రాసు, బొంబాయి రైలు మార్గం మీద ఉంది. అక్కడ ఎక్కితే బొంబాయిలో దిగడమే. రేవులో ఓడ ఎక్కి జిద్దాకు పోయేవారు. భారతదేశం నుంచి హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడంతా విమానమే.

ఒక ప్రతికూలతా ఉంది, దాని మూలం 1800లో ఉంది. ఆ ఏడాది నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చిందే. బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను చేసింది 1882లో. తర్వాతి కాలంలో నిజాములు తమ రాజ్యం హాజీల కోసం మక్కాలో రుబాత్‌లు, అంటే ఉచిత వసతి గృహాలు ఏర్పాటు చేశారు. ఆ సౌకర్యం పాత హైదరాబాద్ రాజ్యానికి చెందిన తెలంగాణ, మరాఠ్వాడా, ఈశాన్య కర్ణాటక జిల్లాల వారికే. తుంగభద్రకు అవతల రాయచూరు హాజీకి ఆ హక్కు ఉంది, ఇవతల గుంతకల్లు హాజీకి లేదు. రెండు వందల ఏళ్లనాటి సంతకం ఇప్పటికీ హోటలు ఖర్చులో కనబడుతోంది.

హజ్ కమిటీ దరఖాస్తు కూడా జట్టుగానే నడుస్తుంది. ఒక 'కవర్' అంటే ఒకే దరఖాస్తు మీద వెళ్లే అయిదుగురి వరకు మనుషులు. దరఖాస్తులు ఎక్కువైతే ఖుర్రా, అంటే చీటీల లాటరీ, తీస్తారు. పేరొస్తే కవరు మొత్తానికి వస్తుంది, రాకపోతే అందరికీ లేదు. 2018 నుంచి 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లు మగతోడు లేకుండా నలుగురు జట్టుగా వెళ్లడానికి వీలు కల్పించారు. సీమలో దీని విలువ ఎక్కువ. మగవాళ్లు వలస పోయిన ఇళ్లలో హజ్ కోరిక మిగిలేది చాలాసార్లు ముసలి తల్లులకే.

విజయవాడ గన్నవరం నుంచి నేరుగా హజ్ విమానాలు 2023లో మొదలయ్యాయి. గన్నవరం టిక్కెట్టు హైదరాబాద్, బెంగళూరుల కన్నా ఎక్కువ కావడంతో ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో యాత్రికుడికి దాదాపు 80,000 రూపాయలు భరించింది. అయినా హిందూపురం వాడికి బెంగళూరు విమానాశ్రయం రెండు గంటల దారి, గన్నవరం ఒక రాత్రి ప్రయాణం. రాజధాని అనుకూలతకూ సీమ అనుకూలతకూ పొత్తు కుదరకపోవడం విమానాలతో మొదలైంది కాదు.

సౌదీలో డ్రైవర్లుగా, కూలీలుగా ఉన్నవారు సెలవు దొరికినప్పుడు నలుగురైదుగురు కలిసి బస్సెక్కి ఉమ్రా చేసుకొస్తారు. ఇంట్లో అత్తరు, ఖర్జూరం, జమ్‌జమ్ నీళ్ల డబ్బా దిగాయంటే యాత్ర పూర్తయినట్టే. జమ్‌జమ్ బావి కథ ఇక్కడి ఆడవాళ్లు కళ్లకు కట్టినట్టు చెబుతారు: బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి హాజిరా నీళ్ల కోసం రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. బిందె పట్టుకుని ట్యాంకరు వెంట పరుగెత్తినవారికి ఇది పురాణగాథలా వినిపించదు.

యెరూషలేం

సీమకు క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెసూయిట్ల కర్ణాటక మిషన్ కృష్ణాపురం, మద్దిగుబ్బల వైపు పనిచేసింది. ఆనాడు బాప్తిస్మం పొందిన రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు సీమకు తరలిపోయాయి. రెండోది లండన్ మిషనరీ సొసైటీ. 1810లో బళ్లారి చేరిన ఈ ప్రొటెస్టెంట్ మిషన్ తర్వాత గుత్తి, అనంతపురాల్లో స్థిరపడింది. 1876–78 ధాత కరువు తర్వాత రాయలసీమలో మాల, మాదిగ పల్లెలు పెద్దసంఖ్యలో ఇటు మొగ్గాయి. కాబట్టి ఈనాటి యెరూషలేం యాత్రికుడు ఎక్కువగా ఆనాటి కరువు బాధితుల వంశీకుడే.

చూడకముందే ఆ ఊళ్లు ఇక్కడ ఉన్నాయి. సీయోను, బేతేలు, బేతెస్ద అనే పేర్లు సీమ ప్రార్థనా మందిరాల గోడల మీద కనిపిస్తాయి. హైదరాబాద్‌లో భక్త్‌సింగ్ 1950లో స్థాపించిన కేంద్రం పేరే హెబ్రోను. అక్కడి కూటాలకు రాయలసీమ విశ్వాసులు చాపలు, దుప్పట్లు కట్టుకుని రైళ్లలో పోయేవారు. కథోలికులు విజయవాడ గుణదల మాత కొండకూ, తమిళనాడులోని వేళాంగణికీ పోతారు. కాషాయ వస్త్రాలు ధరించి కాలినడకన వేళాంగణి పోయే జట్లను చూసి శబరిమల భక్తులనుకునేవారు ఉన్నారు. గుణదల, వేళాంగణి వరుసలో హిందువులూ నిలబడతారు. దగ్గరి యాత్రకు మతం అడ్డురాదన్న మాట క్రైస్తవ క్షేత్రాలకూ నిజమే.

అసలు యెరూషలేంకు సామాన్యుడు పోవడం 2008 తర్వాతి మాట. ఆ ఏడాది వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పవిత్రభూమి యాత్రకు పోయే క్రైస్తవులకు 20,000 రూపాయల సాయం ప్రకటించింది. తర్వాత అది 40,000 అయింది. 2019లో వై.ఎస్. జగన్‌మోహనరెడ్డి ప్రభుత్వం ఏడాది ఆదాయం 3 లక్షల లోపు వారికి 60,000, ఆ పైన ఉన్నవారికి 30,000 చేసింది. ఖర్చు మొత్తానికి ఇది చాలదు. మిగిలింది చీటీ పాడో, నగలు కుదువపెట్టో, కువైట్‌లో ఉన్న కూతురు పంపితేనో సమకూరాలి.

ఇలాంటి సాయం మీద వివాదం హజ్ రాయితీతోనే మొదలైంది. హజ్ రాయితీ రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే, పదేళ్లలో దాన్ని అంచెలంచెలుగా తీసేయాలని ఆదేశించింది. కేంద్రం 2018లో పూర్తిగా ఎత్తేసింది. ఎత్తేయమని అడిగినవారిలో ముస్లింలూ చాలామంది ఉన్నారు. స్తోమత ఉన్నవారికే హజ్ విధి అన్నది వారి వాదన. క్రైస్తవంలో యాత్ర విధి కాదు కాబట్టి క్రైస్తవుల విషయంలో ఆ వాదన కూడా నిలవదు, సాయం పూర్తిగా ప్రభుత్వ ఇష్టం మీద నడిచేదే. గూగూడుకు పోయే కూలివాడికి మాత్రం ఏ ప్రభుత్వమూ చేతికి డబ్బివ్వలేదు. అతడూ అడగలేదు.

జట్టుకు పాస్టరు నాయకుడు. ముప్పై నలభై మంది, ఎనిమిది నుంచి పది రోజులు, ఎక్కువగా ఈజిప్టు, ఇజ్రాయెల్, జోర్డాన్ మూడు దేశాలు కలిపి ఉంటాయి. ఆ దేశాల ఊర్లకు వీరు వాడేవి మ్యాపులోని పేర్లు కావు, తెలుగు బైబిలు పేర్లు: నజరేతు, గలిలయ, యొర్దాను, ఒలీవల కొండ, గెత్సేమనే. యొర్దానులో తెల్ల అంగీలతో మునుగుతారు. కానాలో భార్యాభర్తలు పెళ్లి ప్రమాణాలు మళ్లీ చెప్పుకుంటారు. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత పదిమందిలో చెయ్యి పట్టుకోమంటే సిగ్గుపడే పల్లెటూరి దంపతులను చూడటం జట్టంతటికీ వేడుక. గలిలయ సముద్రం మీద పడవలో భారతీయుల జట్టు ఎక్కితే మన జెండా ఎగరేసి జనగణమన వేస్తారు. సముద్రం అని బైబిలు అన్నా అది మంచినీళ్ల సరస్సు. అన్ని మంచినీళ్లు ఒక్కచోట చూసి సీమవాళ్లు కాసేపు మాట్లాడరు.

యెరూషలేం పాతబస్తీ ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు. ముస్లిం, క్రైస్తవ, యూదు, అర్మేనియన్ పేటలు నాలుగూ ఆ గోడల లోపలే ఉన్నాయి. పడమటి గోడ దగ్గర యూదులు ప్రార్థన చీటీలు రాళ్ల సందుల్లో దూరుస్తారు, మన జట్లూ తెలుగులో రాసి దూరుస్తాయి. ఆ గోడ పైనున్న ఆవరణలో అల్ అఖ్సా మసీదు, బంగారు గుమ్మటం ఉన్నాయి. ముస్లిమేతరులను ఆవరణలోకి నిర్ణీత వేళల్లో రానిస్తారు, మసీదు లోపలికి రానివ్వరు. కాసింత దూరంలో యేసు సమాధి చర్చి ఉంది. ఆరు క్రైస్తవ శాఖలు దాన్ని పంచుకుంటాయి. వాటి మధ్య నమ్మకం ఎంతటిదంటే, తలుపు తాళంచెవి శతాబ్దాలుగా రెండు ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉంది. జౌదే వారి దగ్గర తాళంచెవి ఉంటుంది, నుసైబే వారు తలుపు తీస్తారు. గైడు ఈ సంగతి చెప్పినప్పుడు మిగతా రాష్ట్రాలవారు అవాక్కవుతారు. పీరును ముజావరు ఎత్తితే రెడ్డి గారు గొడుగు పట్టడం చూసిన మనిషికి అది అంత వింతగా తోచదు.

అదే బస్తీలో హేరోదు ద్వారం దగ్గర హిందుస్తానీ సత్రం ఉంది. పంజాబు సూఫీ బాబా ఫరీద్ సుమారు 800 ఏళ్ల కిందట అక్కడ నలభై రోజులు ధ్యానంలో ఉన్నాడని సంప్రదాయం. సహారన్‌పూర్ నుంచి వెళ్లిన అన్సారీ కుటుంబం 1924 నుంచి దాన్ని చూసుకుంటోంది. బాబా ఫరీద్ బిరుదు గంజెషకర్, అంటే చక్కెర నిధి. గూగూడు చక్కెరతో దానికి చుట్టరికం కలపడానికి ఆధారం లేదు, తలపుకు రావడం మాత్రం సహజం. మన టూరు జట్లు ఈ సత్రానికి పోవు, వారి జాబితాలో అది లేదు.

మూడు మతాలవారూ తమదనే చోటు యెరూషలేంకు దక్షిణాన హెబ్రోనులోని మక్పేలా గుహ. అబ్రాహాము, శారా సమాధులు అక్కడున్నాయని నమ్మకం. ముస్లింలకు అది ఇబ్రాహీమీ మసీదు. 1994లో అక్కడ నమాజు చేస్తున్నవారిపై జరిగిన కాల్పుల తర్వాత లోపల అడ్డుగోడలు పెట్టి యూదులకు ఒక భాగం, ముస్లింలకు ఒక భాగం చేశారు. ఉమ్మడి క్షేత్రం అన్నంత మాత్రాన అది సామరస్య క్షేత్రం కానక్కరలేదు. 2023 అక్టోబరు 7 తర్వాతి యుద్ధంతో పవిత్రభూమి యాత్రలు చాలావరకు ఆగిపోయాయి. బయానా కట్టి కూర్చున్న జట్లకు డబ్బు తిరిగి రాబట్టుకోవడమే ఒక యాత్ర అయింది.

తెలుగు యూదులు

అనంతపురం సీమలో యూదులు లేరు. తెలుగునాట ఉన్న సముదాయం గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిము వారు. ఇజ్రాయెలు గోత్రాల్లో ఎఫ్రాయిముకు చెందినవారమని చెప్పుకునే ఈ కొద్ది కుటుంబాలు మాదిగ నేపథ్యంలోనివి, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తూ, సినగాగు కట్టుకుని, శనివారం విశ్రాంతి దినం పాటిస్తున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' వీరి గురించే. గూగూడు పుస్తకం వచ్చిన 2013లోనే, అదే ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. ఈశాన్య భారత బెనె మెనాషె వారికి ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో గుర్తింపు ఇచ్చారు. ఆ గుర్తింపు సముదాయంగా వీరికి ఇంకా దక్కలేదు. కాబట్టి యెరూషలేం వీరికి చూసి తిరిగొచ్చే ఊరు కాదు, చేరుకోవాలనుకునే ఊరు. యాత్ర అనే మాట వీరి విషయంలో సరిపోదు.

యాత్రికులకు సూచన

హిజ్రీ సంవత్సరానికి 354 రోజులు. అందుకే పీర్ల పండగ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, దాదాపు 33 ఏళ్లలో అన్ని కార్తెలూ చుట్టి వస్తుంది. 2022లో పదో రోజు ఆగస్టు 9న, 2024లో జూలై 17న వచ్చింది. ఇప్పుడది శెనక్కాయ విత్తే అదనులోకి వచ్చింది. వాన పడితే రైతులు చేను వదిలి రాలేరు, పడకపోతే జనం మరీ ఎక్కువగా వస్తారు. గూగూడు చూడదలచినవారు గోడ క్యాలెండరు మీద ఆధారపడకుండా, నెలవంక కనబడిన కబురు తెలుసుకుని లెక్క వేసుకోవాలి. తొమ్మిదో రోజు సాయంత్రానికే ఊరు చేరాలి, పొద్దు గూకాక బండ్లు చాలా దూరంలోనే ఆపేస్తారు. తాగే నీళ్లు, కొంచెం చక్కెర వెంట తీసుకుపోండి.